మంత్రిగారి దీపం, మాస్టారి చెయ్యి

పాలేటిపురం ప్రభుత్వ ఆసుపత్రికి వీడియో గేమ్ వచ్చిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. అంతకు ముందు ఏడాది ఆ ఆసుపత్రి దూది అడిగితే రాలేదు. ఎక్స్‌రే ఫిల్ములు అడిగితే రాలేదు. ఎవరూ అడగని వీడియో గేమ్ మాత్రం గోడంత టీవీతో సహా వ్యానులో వచ్చి దిగింది.

దానికో కారణం ఉంది. రాజధానిలో జరిగిన ఏదో సదస్సులో ఒక పెద్ద డాక్టరు, పక్షవాతం వచ్చినవాళ్లకి ఆటల రూపంలో వ్యాయామం చేయిస్తే చేతులు తొందరగా స్వాధీనంలోకి వస్తాయని చెప్పాడు. మాట నిజమే. విన్నవాళ్లకి ఎంత నచ్చిందంటే, సదస్సు భోజనాలు అయ్యేలోపు అది పథకమైపోయింది. 'ఆడుతూ ఆరోగ్యం' అని పేరు పెట్టి జిల్లాకొక గేమ్ కన్సోల్ పంపించేశారు.

అదేమీ అంతుబట్టని యంత్రం కాదు. పిల్లలున్న ఇళ్లలో టీవీకి తగిలించుకుని ఆడుకునేదే. టీవీ కింద సన్నటి నల్లటి పట్టీ ఒకటి అతికిస్తారు. ఆడేవాళ్ల చేతికి రిమోట్ లాంటి కడ్డీ ఇస్తారు. ఆ కడ్డీని ఎటు తిప్పితే తెర మీద ఓ తెల్లటి చెయ్యి బొమ్మ అటు కదులుతుంది. దాన్ని పాయింటర్ అంటారు. పాయింటర్‌తో గురి చూసి చెయ్యి ఊపితే, తెర మీద బంతి దొర్లుకుంటూ వెళ్లి అవతల వరసగా నిలబెట్టిన, సీసాల్లాంటి పిన్నుల్ని పడగొడుతుంది.

ఫిజియోథెరపీ గదిలో దాన్ని మంత్రిగారు ప్రారంభించారు. తలుపు పక్కన పెట్టిన అయిదు వత్తుల ఇత్తడి దీపం వెలిగించి, "నేను వెలిగించిన ఈ జ్యోతి ఏనాడూ ఆరకూడదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ఆ మాట వెళ్లిన ప్రతిచోటా అంటారు. కానీ ఆసుపత్రి పరిపాలనాధికారి త్రివిక్రమరావు మాటని మాటగా వదిలేసే మనిషి కాడు. సభ విశేషాలు రాసేటప్పుడు ఆ వాక్యాన్ని 'ఉపన్యాసం' కింద రాయాలా, 'ఆదేశాలు' కింద రాయాలా అని కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని ఆదేశాల కింద రాశాడు.

ఆ గదికి వచ్చిన మొదటి రోగుల్లో దానియేలు మాస్టారు ఒకడు.

దానియేలు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన విజిల్ వేస్తే మైదానంలో పిల్లలే కాదు, గోడ మీద మేకలు కూడా బిగుసుకు నిలబడేవని ఊళ్లో చెప్పుకునేవారు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చెయ్యి పడిపోయినందుకు కన్నా, అది తన మాట విననందుకు ఆయనకి ఎక్కువ కోపంగా ఉండేది. భార్య కరుణమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టబోతే మొహం తిప్పేసుకుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని సగం ఒంటి మీద పోసుకునేవాడు.

ఫిజియోథెరపిస్టు షమీమ్ ఆ కడ్డీని ఆయన కుడి చేతికి పట్టీతో కట్టింది. "తొందరేం లేదు మాస్టారూ. చెయ్యి కదిలినంత కదపండి చాలు" అంది.

మాస్టారు తెర కేసి చూశాడు. చెయ్యి కేసి చూశాడు. "ఎటెన్షన్!" అని గట్టిగా అరిచాడు. పక్క గదిలో కట్టు కట్టించుకుంటున్నవాడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. చెయ్యి మాత్రం కొంచెం వణికింది. తెర మీద తెల్లటి బొమ్మ కూడా వణికింది. అంతే, మాస్టారి మొహం వెలిగిపోయింది.

"చూసేవా కరుణా, కదిలింది. నేను చెప్తే కదిలింది."

కొన్నాళ్లు అన్నీ సవ్యంగానే జరిగాయి. బంతి మొదట్లో అడుగు దూరం కూడా వెళ్లేది కాదు. తరవాత పిన్నుల దాకా వెళ్లింది. ఒకరోజు చివరి పిన్ను ఊగి ఊగి పడిపోయింది. కరుణమ్మ గుడ్లప్పగించి చూస్తూ కూర్చుని, అది పడగానే "స్తోత్రం ప్రభువా" అని పైకే అనేసింది.

ఈలోగా దీపానికి కష్టం వచ్చింది. దీపం ఆరకూడదు గనుక నూనె కావాలి. ఆసుపత్రి ఖర్చుల్లో దీపం నూనె అనే పద్దు లేదు. త్రివిక్రమరావు వంటశాల నుంచి నూనె తెప్పించి పోయిస్తూ వచ్చాడు. ఉప్మా గొంతు దిగడంలేదని రోగులు గోల పెట్టేసరికి వంటశాలవాళ్లు నూనె ఆపేశారు. అప్పుడాయన వత్తులు తీయించి, వాటి చోట మంట ఆకారంలో ఉండే అయిదు చిన్న కరెంటు బల్బులు పెట్టించాడు. బల్బులకి ప్లగ్గు కావాలి. ఆ గదిలో ఖాళీ ప్లగ్గు టీవీ దగ్గరే ఉంది. అందుకని దీపాన్ని తలుపు పక్క నుంచి ఎత్తి, టీవీ బల్ల మీద, ఆ నల్లటి పట్టీ పక్కనే పెట్టించాడు. బల్బులు వెచ్చగా, పచ్చగా వెలిగాయి. ఆయనకి కూడా తృప్తిగా అనిపించింది.

మర్నాడు దానియేలు మాస్టారు కడ్డీ పట్టుకున్నాడు. తెర మీద తెల్లటి చెయ్యి ఒక్క గెంతు గెంతి మూలకి పోయింది. ఆయన కుడికి తిప్పితే ఎడమకి వచ్చింది. ఆగమంటే గజగజలాడింది. బంతి పక్క గాడిలో పడి మాయమైపోయింది.

మాస్టారు మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కడ్డీ దించేసి, భార్యకి మాత్రమే వినబడేలా అన్నాడు.

"కరుణా, మళ్లీ వచ్చిందేమోనే. చెయ్యి నా మాట వింటున్నట్టే ఉంది, కానీ తెర మీద వినటంలేదు. లోపలెక్కడో తెగిపోయినట్టుంది."

కరుణమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది.

షమీమ్ ఆయన చెయ్యి పట్టుకుని వేళ్లు, మణికట్టు, మోచెయ్యి అన్నీ పరీక్షించింది. "మీ చెయ్యి నిన్నటికన్నా బావుంది మాస్టారూ. తప్పు దీనిదే" అని కడ్డీ తీసుకుంది. బ్యాటరీలు మార్చింది. కడ్డీ మొన తుడిచింది. కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని కర్టెన్లు మూసింది. దగ్గరికెళ్లి, దూరం జరిగి చూసింది. తెల్లటి బొమ్మ మాత్రం కుదురుగా నిలబడలేదు. ఆఖరికి యంత్రంతో వచ్చిన పుస్తకం తీసి చదివి, దీపం కేసి చూసి, లేచి వెళ్లి స్విచ్ ఆపింది.

బొమ్మ తెర మధ్యకి వచ్చి బుద్ధిగా నిలబడింది.

"ఈ కడ్డీ మొనలో చిన్న కెమెరా ఉంది" అని షమీమ్ వివరించింది. "అది ఆ నల్ల పట్టీలో వెలుగు చూసి దారి తెలుసుకుంటుంది. ఆ వెలుగు మన కంటికి కనబడదు. పక్కన ఈ బల్బులు కూడా వేడిగా వెలుగుతుంటే దేన్ని చూడాలో దానికి తెలీటం లేదు. అంతే."

"అయితే నాకేం కాలేదన్నమాట" అన్నాడు మాస్టారు. వెంటనే కడ్డీ అందుకుని బంతి విసిరాడు. పిన్నులన్నీ ఒక్కసారే పడ్డాయి.

సరిగ్గా అప్పుడే త్రివిక్రమరావు తలుపు తీసుకుని వచ్చాడు. పిన్నులు చూడలేదు, దీపం చూశాడు.

"ఎవరు ఆర్పింది?"

"నేనే సార్. దీపం వెలుగుతుంటే పాయింటర్ పనిచెయ్యటం లేదు."

"దీపం అంటావేంటమ్మా? అది ప్రారంభోత్సవం. మంత్రిగారు చేసిన ప్రారంభోత్సవాన్ని స్విచ్చి నొక్కి ఆపేస్తావా? రేపు ఎవరైనా పథకం ఆగిపోయిందని రాస్తే జవాబు నువ్వు చెప్తావా?"

"పోనీ, గదిలో ఇంకో మూల పెట్టుకుందాం సార్."

"ఇంకో మూల ప్లగ్గు లేదు. ప్లగ్గు కావాలంటే ఎలక్ట్రికల్ విభాగం అంచనా వెయ్యాలి. వాళ్లు అంచనా వెయ్యాలంటే ఇక్కడ లోపం ఉందని మనం రాయాలి. మంత్రిగారు ప్రారంభించిన గదిలో లోపం ఉందని నా చేత్తో నేను రాస్తానా?"

తన చేత్తోనే స్విచ్ వేసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం దీపం స్విచ్చి బోర్డుని మనిషి తలకన్నా ఎత్తుకి మార్పించి, కింద 'తాకరాదు' అని రాయించాడు. స్విచ్చి ఎత్తు పెంచడానికి ఎవరి అంచనా అక్కర్లేకపోయింది.

విషయం సూపరింటెండెంటు డాక్టర్ శేషావతారం దాకా వెళ్లింది. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. కమిటీ వేసి, తన గదిలోనే సమావేశపరిచాడు. కమిటీ అంటే ఆయన, త్రివిక్రమరావు, షమీమ్.

"ప్రారంభోత్సవము నాడు మంత్రివర్యుల సమక్షమున పరికరము సక్రమముగా పనిచేసియున్నది. కావున పరికరమునందు లోపము లేదు" అన్నాడు శేషావతారం.

"చిత్తం. దీపంలో లోపం ఉండడానికి అసలు వీల్లేదు" అన్నాడు త్రివిక్రమరావు.

"మరి తెర మీద బొమ్మ కదలాడుచున్నది. ఇక మిగిలినదేమిటి?"

"చేతులు సార్. రోగుల చేతులు."

షమీమ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సార్, చేతులు వణుకుతున్నాయనే కదా సార్ వాళ్లు మన దగ్గరికి వచ్చింది?"

"చూశారా సార్, ఆవిడ కూడా ఒప్పుకుంది" అన్నాడు త్రివిక్రమరావు. కమిటీ నిర్ణయం ఏకగ్రీవమైంది.

నిర్ణయం ఏమిటంటే, వణికే చేతులతో ప్రభుత్వ పరికరాన్ని తాకడం వల్ల దాని పనితీరు దెబ్బతింటోంది గనుక, ఇకమీదట చేతి వణుకుకి చికిత్స పొందగోరువారు తమ చెయ్యి వణకడం లేదని ముందుగా ధ్రువపత్రం పొందాలి. దానికొక పరీక్ష కూడా పెట్టారు. నిండుగా నీళ్లు పోసిన స్టీలు గ్లాసు ఆ చేత్తోనే పట్టుకుని ఆసుపత్రి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. చుక్క ఒలక్కూడదు.

పరీక్ష రోజున వరండా అంతా తడిసిపోయింది. పక్షవాతం రోగులు ఒక్కొక్కరే గ్లాసు పట్టుకోవడం, పట్టుకున్న చోటే సగం పోసుకోవడం, త్రివిక్రమరావు 'అనర్హులు' అనడం. నేల మీద నీళ్లకి జారి ఒకాయన కాలు కూడా బెణికింది. దానియేలు మాస్టారు మూడొంతుల దూరం వెళ్లాడు. చివర్లో మోచెయ్యి సహకరించక గ్లాసు ఒరిగింది.

"కావాలంటే మళ్లీ నడుస్తాను" అన్నాడు.

"చెయ్యి బాగయ్యాక రండి మాస్టారూ, తప్పకుండా వైద్యం చేస్తాం" అన్నాడు త్రివిక్రమరావు. ఆయన గొంతులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే మర్యాదగా చెప్పాడు.

రోగులెవరూ నెగ్గకపోయేసరికి గది ఖాళీ అయింది. పథకం ఖాళీగా ఉండకూడదు. అంచేత క్యాషియరు, స్టోర్ కీపరు, రికార్డు అసిస్టెంటు పరీక్ష రాసి, అదే, నీళ్లు మోసి, ధ్రువపత్రాలు తీసుకుని చికిత్సకి కూర్చున్నారు. దీపం పక్కనే ఉంది గనుక వాళ్లు విసిరిన బంతులు కూడా గాడిలోనే పడ్డాయి. కానీ వాళ్ల చేతులు స్థిరమైనవని ఆసుపత్రే ధ్రువీకరించింది, యంత్రం మంచిదని అంతకు ముందే తేలింది. అందువల్ల బంతి ఎక్కడ పడితే అదే లక్ష్యమని త్రివిక్రమరావు తేల్చాడు. స్టోర్ కీపరు ఒక్క పిన్ను కూడా పడగొట్టకుండా 'సంపూర్ణ స్వస్థత' పొందాడు.

ఈ విధానం మిగతా విభాగాలకి కూడా నచ్చింది. కంటి విభాగంలో, బోర్డు మీద అన్నిటికన్నా చిన్న అక్షరాలు చదవగలిగినవారికే కళ్లద్దాలు ఇస్తామన్నారు. చెవి విభాగంలో, బయట కూర్చున్నవారిని నెమ్మదిగా పిలిచి, వినబడి లోపలికి వచ్చినవారికే వినికిడి పరీక్ష చేశారు. ఆ నెల పాలేటిపురం ఆసుపత్రి ఫలితాలు రాష్ట్రంలో అందరినీ మించిపోయాయి. జబ్బు లేనివారందరూ కోలుకున్నారు.

దానియేలు మాస్టారు ఇంటికి వెళ్లి రెండ్రోజులు మంచం దిగలేదు. మూడోరోజు పొద్దున్నే లేచి, గ్లాసు నిండా నీళ్లు పోసుకుని వసారాలో నడవడం మొదలెట్టాడు.

"ఏం చేస్తన్నారండీ?" అంది కరుణమ్మ.

"వైద్యానికి వైద్యం."

"ఇల్లంతా చెరువు చేసేసేరు. ఖాళీ గ్లాసుతో నడవకూడదా?"

"ఖాళీ గ్లాసు ఒలికితే నాకెలా తెలుస్తాదే?"

కరుణమ్మ గుడ్డ పట్టుకుని ఆయన వెనకాలే తుడుచుకుంటూ తిరిగింది. కొన్నాళ్లకి ఆ గుడ్డ తడవడం తగ్గింది. షమీమ్ ఆదివారాలు వచ్చి, మోచెయ్యి ఎలా పెట్టాలో, బరువు ఎక్కడ ఆపాలో చెప్పి వెళ్లేది. ఒకరోజు మాస్టారు గడప దగ్గర మొదలెట్టి పెరటి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, కుడి చేత్తోనే ఆ నీళ్లు తాగేశాడు. కరుణమ్మ తుడిచే గుడ్డతోనే కళ్లు ఒత్తుకుంది.

ఆ మర్నాడే ఆసుపత్రికి వెళ్లి వరండా ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. చుక్క ఒలకలేదు. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. త్రివిక్రమరావు స్వయంగా ధ్రువపత్రం రాసిచ్చి, చెయ్యి కలిపాడు.

"చాలా సంతోషం మాస్టారూ. ఇంక వెళ్లి రండి."

"ఎక్కడికండీ వెళ్లేది? వైద్యానికొచ్చేను."

"వైద్యం ఎందుకండీ? మీ చెయ్యి బాగుందని ఇప్పుడే కదా రాశాం."

"మోచెయ్యి దాకా బాగుందండీ. భుజం లేవటంలేదు. చొక్కా తొడుక్కోవాలంటే మా ఆవిడ కావాలి."

"చెయ్యి బాగోకపోతే అర్హత లేదు. బాగుంటే అవసరం లేదు. ఇందులో నేను చెయ్యగలిగింది ఏముంది, మీరే చెప్పండి."

మాస్టారు ఆయన మొహంలోకి అలా చూశాడు. సర్వీసులో ఉండగా ఇలాంటివాడు ఎదురుపడితే మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. ఇప్పుడు ఆ ధ్రువపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

అంత గొప్ప ఫలితాలు వచ్చాక రాజధానిలో ఊరుకుంటారా? వైద్యశాఖ డైరెక్టరుగారు స్వయంగా చూడడానికి వస్తున్నట్టు కబురొచ్చింది. స్వస్థత పొందిన పక్షవాత రోగిని చూడాలన్నారు. ఆసుపత్రిలో హడావిడి మొదలైంది. స్వస్థత పొందినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లలో ఎవరికీ పక్షవాతం రాలేదు. శేషావతారం జీపు ఇచ్చి త్రివిక్రమరావుని దానియేలు మాస్టారింటికి పంపాడు.

"నాకు అవసరం లేదన్నారు కదండీ" అన్నాడు మాస్టారు.

"మీకు లేదండీ. మాకుంది" అన్నాడు త్రివిక్రమరావు, కొంచెం సిగ్గుపడుతూ.

ప్రదర్శన మధ్యలో కరెంటు పోతే పరువు పోతుందని టీవీకి, గేమ్‌కి ఓ ఇన్వర్టర్ అద్దెకి తెచ్చి తగిలించారు. దీపానికి తగిలించలేదు. ఇన్వర్టర్ వైద్య పరికరాలకే వాడాలని త్రివిక్రమరావే నిబంధన రాయించాడు. దీపం వైద్య పరికరం కాదు.

డైరెక్టరుగారు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. మాస్టారితో చెయ్యి కలిపి, "ఏదీ, ఆడండి చూద్దాం" అన్నారు. మాస్టారు కడ్డీ ఎత్తాడు. తెల్లటి బొమ్మ దీపం వైపు పరిగెత్తింది. బంతి గాడిలో పడింది.

"ఇది స్వస్థతా?" అన్నారు డైరెక్టరుగారు.

"నా చెయ్యి సరిగ్గానే ఉందండీ. కాగితం కూడా ఉంది" అని మాస్టారు జేబులోంచి ధ్రువపత్రం తీసి చూపించాడు.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అని డైరెక్టరుగారే కడ్డీ అందుకున్నారు. బొమ్మ ఆయన మాట కూడా వినలేదు. పైకి అంటే కిందికి పోయింది, కిందికి అంటే తెరలోంచే మాయమైంది. యంత్రం మంచిది, దీపం మంచిది. మరి ఈ పరిస్థితిలో లోపం ఎవరిదో ఆసుపత్రి ఎప్పుడో తేల్చేసింది.

త్రివిక్రమరావు నిబంధన తప్పని మనిషి. పళ్లెంలో నిండు గ్లాసు పెట్టుకుని డైరెక్టరుగారి ముందుకి వచ్చాడు.

"నాకు దాహంగా లేదు" అన్నారాయన.

"తాగడానిక్కాదు సార్. తమరు ఇది పట్టుకుని వరండా చివరిదాకా ఒక్కసారి నడవాలి సార్. ఎవరికీ మినహాయింపు లేదు సార్."

శేషావతారం బూటు కాలితో త్రివిక్రమరావు పాదం తొక్కాడు. లాభం లేకపోయింది. సంగతంతా త్రివిక్రమరావు విడమరిచి చెప్పాడు. వింటున్నకొద్దీ డైరెక్టరుగారి చెయ్యి కోపంతో నిజంగానే వణకడం మొదలెట్టింది. త్రివిక్రమరావు ఆ చేతిని, గ్లాసుని మార్చి మార్చి చూశాడు.

అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. దీపం ఆరింది. ఇన్వర్టర్ మీద టీవీ మాత్రం వెలుగుతోంది. డైరెక్టరుగారి చేతిలో కడ్డీ అలాగే ఉంది. తెల్లటి బొమ్మ తెర మధ్యకి వచ్చి నిలబడింది. ఆయన ఆశ్చర్యపోయి చెయ్యి ఊపారు. బంతి సూటిగా వెళ్లి పిన్నులన్నిటినీ పడగొట్టింది.

తరవాత మాస్టారు విసిరాడు. ఆయనవీ పడ్డాయి.

"ఇదేమిటి?" అన్నారు డైరెక్టరుగారు. ఆయన మొహంలో కోపం పోయి చిన్నపిల్లాడి సంబరం వచ్చింది.

"విద్యుత్ అంతరాయ సమయమున పరికరము అత్యుత్తమ ఫలితములు ఇచ్చుచున్నది సార్. ఇది మా ఆసుపత్రి కనుగొన్న విషయము" అన్నాడు శేషావతారం, క్షణం ఆలస్యం చెయ్యకుండా.

"సార్, కరెంటు పోయినందుకు కాదు, దీపం ఆరినందుకు" అంది షమీమ్.

డైరెక్టరుగారు దీపం కేసి చూశారు. దాని కింద పళ్లెం మీద చెక్కిన మంత్రిగారి పేరు చూశారు. ఆయనకి ఇంకా చాలా సర్వీసు ఉంది. గొంతు సవరించుకుని, "కరెంటు సంగతే చూడండి" అని చెప్పి కారెక్కారు.

కరెంటు సంగతి చూశారు. చికిత్స నిమిత్తం రోజూ పొద్దున ఓ గంట పట్టణానికి విద్యుత్ సరఫరా నిలిపివేయవలసిందిగా ఆసుపత్రి విద్యుత్ శాఖని కోరింది. కరెంటు తీసెయ్యమని ఒక ఆఫీసు బతిమాలడం ఆ శాఖ చరిత్రలో లేదు. వాళ్లు ఆనందంగా ఒప్పుకున్నారు. అద్దె ఇన్వర్టర్ శాశ్వతమైంది. చేతుల పరీక్షని 'తాత్కాలికంగా సడలించారు'. పక్షవాతం రోగులు మళ్లీ వచ్చారు. ఆ గంటసేపు పిండిమర ఆగిపోయేది. జిరాక్సు షాపులవాళ్లు వీధిలోకి వచ్చి నిలబడేవారు. ఐస్‌క్రీములు కరిగిపోయేవి. ఆసుపత్రిలోనే ఆపరేషన్లు ఆ గంట దాటాక మొదలెట్టేవారు. ఫిజియోథెరపీ గదిలో చీకట్లో, ఉక్కలో, చెమటలు కారుతూ రోగులు పిన్నులు పడగొట్టేవారు.

మాస్టారికి విసనకర్రతో విసురుతూ కరుణమ్మ ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "ఒక్క దీపం ఆర్పడానికి చెయ్యాడక ఊరంతా ఆర్పేసేరు కదమ్మా!"

షమీమ్ నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, ఎన్నికలు దగ్గర పడ్డాయి. జిల్లా అంతటికీ నిరంతరాయంగా విద్యుత్ ఇస్తున్నట్టు పెద్ద ప్రకటన వచ్చింది. వద్దని మొరపెట్టుకున్న సంస్థ రాష్ట్రం మొత్తం మీద పాలేటిపురం ఆసుపత్రి ఒక్కటే. దాని మొర ఎవరూ ఆలకించలేదు.

మొదటిరోజు పొద్దున రోగులందరూ కడ్డీ చుట్టూ కూర్చుని కరెంటు పోతుందేమోనని ఎదురుచూశారు. ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి. దీపం పచ్చగా వెలుగుతోంది. తెర మీద బొమ్మ గంతులేస్తోంది.

"ఇవాళ నాకేం వ్యాయామం చెప్పేవమ్మా?" అన్నాడు దానియేలు మాస్టారు.

"భుజం పైకెత్తాలి మాస్టారూ. చెయ్యి తల దాటి పైకి వెళ్లాలి. అదొక్కటే మిగిలింది మీకు."

మాస్టారు లేచాడు. గది చుట్టూ చూశాడు. నెమ్మదిగా నడిచి, 'తాకరాదు' అని రాసి ఉన్న గోడ దగ్గరికి వెళ్లాడు. కుడి చెయ్యి ఎత్తాడు. అది ఛాతీ దాకా సులువుగా వచ్చింది. భుజం దగ్గర ఆగిపోయింది. ఆయన పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. కరుణమ్మ పరిగెత్తుకెళ్లి పట్టుకోబోతే, షమీమ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. వేళ్లు వణుకుతూ, గోడ మీద పాకుతూ, కొంచెం కొంచెంగా పైకి వెళ్లాయి. కింది పెదవి కొరుక్కుని మాస్టారు ఆఖరి వేలెడు దూరం ఎగబాకి స్విచ్ నొక్కాడు.

దీపం ఆరింది. తెల్లటి బొమ్మ తెర మధ్యకి వచ్చి నిలబడింది. గదిలో ఎవరూ దాని వైపు చూడలేదు. మాస్టారి చెయ్యి ఇంకా పైనే ఉంది. దించబుద్ధి కానట్టు ఆయన దాన్నలాగే పెట్టుకుని దానికేసి చూస్తున్నాడు.

వార్త తెలిసి త్రివిక్రమరావు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు ఆర్పింది?"

"ఎవరూ ఆర్పలేదు సార్. మాస్టారు భుజం ఎత్తారు. చికిత్సలో భాగం. ఎత్తిన చెయ్యి దేనికో ఒకదానికి తగలాలి కదా సార్. గంట అయ్యాక మళ్లీ ఎత్తుతారు. అప్పుడు వెలుగుతుంది" అంది షమీమ్.

త్రివిక్రమరావు గోడ కేసి చూశాడు. దీపం ఆర్పడం నిషిద్ధం. చెయ్యి ఎత్తడం చికిత్స. చికిత్సకి అడ్డు చెప్పే అధికారం తనకి లేదు. ఈ మూడూ ఆయనకి కంఠతా వచ్చు. చివరికి ఎవరూ తప్పు చెయ్యలేదన్న నిర్ణయానికి వచ్చాడు. ఆ నిర్ణయానికి వచ్చాక ఆయన మొహం ఎందుకో తేలిక పడింది.

వారం తిరిగేసరికి స్విచ్చి దగ్గర పెద్ద వరస తయారైంది. ఆ వ్యాయామానికి ఉన్న గిరాకీ బంతాటకి కూడా లేకుండా పోయింది. పిండిమర ఓనరు జబ్బేమీ లేకపోయినా భుజం పట్టేసిందని వచ్చి నిలబడ్డాడు. ఇవాళ ఆర్పే వంతు నాదంటే నాదని రోగులు వాదులాడుకుంటుంటే, దానియేలు మాస్టారు అందరినీ ఎత్తుల ప్రకారం వరసలో నిలబెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం వరస పలచబడ్డాక త్రివిక్రమరావు వచ్చాడు. వెనక్కి తిరిగి తలుపు కేసి చూసుకుని, షమీమ్ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నాకూ ఈ మధ్య కుడి భుజం కొంచెం పట్టేసినట్టుంటోంది. రేపు పొద్దున ఒక్కసారి నాకూ అవకాశమిస్తావా?"